ఫోన్లో చెప్పని కబురు కోసం కళింగపట్నం దాకా

సాలిహుండం కొండ, కళింగపట్నం తీరం రెండూ ఒకే రోజులో చూసుకుని విజయనగరం తిరిగి రావచ్చా అని చాలామంది రాస్తుంటారు. రావచ్చు. పోయిన నెల ఒక ఆదివారం నేను ఆ దారిలోనే వెళ్లి దీపాలు పెట్టే వేళ దాటాక ఇంటికి చేరాను. అయితే కొండ ఎక్కలేదు. సముద్రం హోరు వినిపించిందే గానీ ఒడ్డుకు వెళ్లలేదు. బస్సులు, వేళలు, ఛార్జీల మాట మీకు పనికొస్తుంది. మిగిలినది ఆ రోజు నాతో వచ్చిన అమ్మాయికి జరిగింది. ఆమె చదివి సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను. పేర్లన్నీ, ఆమెని పోల్చుకోగల గుర్తులన్నీ మార్చాను. వెళ్లిన పల్లె పేరు చెప్పను.

నేను విజయనగరంలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా మేడ మీద గదిలో రెండేళ్లుగా హనాన్ అనే అమ్మాయి అద్దెకుంటోంది. వాళ్లది సూడాన్ దేశం, రాజధాని ఖార్టూమ్ పక్కనే ఉండే పేట. ఇక్కడ ఊరి బయటి కాలేజీలో ఫార్మసీ చదువుతోంది. ఇరవై ఆరేళ్లు. నాతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది, కూరలమ్మితో మాత్రం తెలుగులోనే బేరమాడుతుంది. నన్ను అక్కా అంటుంది. ఖార్టూమ్‌లో యుద్ధం మొదలయ్యాక తల్లీ తమ్ముడూ అక్కడే చిక్కుకుపోయారు. నెట్ ఉన్న చోటికి నడిచి వెళ్లి ఆ తల్లి ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. ఒక శుక్రవారం ఫోన్ రాలేదు. తర్వాతిదీ రాలేదు. అలా అయిదు శుక్రవారాలు గడిచాయి. ఆ అయిదు వారాలూ మేడ మీద అడుగుల చప్పుడు వింటూ నేనూ సరిగా నిద్రపోలేదు.

మా స్కూలు ఆటో నడిపే మనిషి బావమరిది గల్ఫ్‌లో వెల్డరు. శ్రీకాకుళం జిల్లాలో వెల్డింగు పనికి అరబ్బు దేశాలకి మనిషి వెళ్లని ఊరు అరుదు. అతని ద్వారా తెలిసింది, కళింగపట్నం దగ్గర పల్లెలో సింహాచలం అనే వెల్డరు ఉన్నాడని, హనాన్ వాళ్ల పేటలోనే ఆరేళ్లు పనిచేసి, యుద్ధం మొదలయ్యాక బయటపడి వచ్చాడని. ఫోన్ చేశాను. తల్లి పేరు, వీధి, దగ్గరున్న రొట్టెల కొట్టు అడిగి రాసుకున్నాడు. తొమ్మిది రోజుల తర్వాత తనే చేశాడు.

"కబురొచ్చిందమ్మా. ఫోన్లో సెప్పీది కాదు. ఆ అమ్మాయిని తీసుకుని బేగి రండి," అని పెట్టేశాడు.

మా వైపు ఆ మాటకి ఒక్కటే అర్థం. మా నాన్నగారు పోయినప్పుడు మా పెద్దబావ కూడా ఫోన్లో "ఒకసారి బయల్దేరి రామ్మా" అన్నాడే తప్ప ఇంకో ముక్క అనలేదు. మళ్లీ చేస్తే సింహాచలం ఎత్తలేదు. మేడ మెట్లు ఎక్కాను. హనాన్‌తో, "ఆయన దగ్గర ఏదో కబురుందట, వెళ్లి కలుద్దాం," అన్నాను. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడిగింది. అక్కడ సిగ్నల్ బాగుండదట అని అబద్ధమాడాను.

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాతవలస దగ్గర హైవే మీదికి వచ్చి, రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల మీదుగా రెండు గంటల ప్రయాణం. ఆడవాళ్లకి టిక్కెట్టు ఉచితం కాబట్టి కండక్టరు ఆధార్ చూపించమన్నాడు. నాకు సున్నా టిక్కెట్టు కొట్టి, "నీ కార్డేదమ్మా?" అని హనాన్ వైపు చెయ్యి చాపాడు. ఆమె సంచిని గుండెలకి హత్తుకుని కిటికీ వైపు జరిగిపోయింది. ఎవరైనా నిలబడి కార్డు అడిగితే ఆమెకి అలా అవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. "ఆ అమ్మాయిది వేరే దేశం బాబూ, డబ్బులిచ్చి తీసుకుంటుంది," అన్నాను. వంద రూపాయల పైచిలుకు అయింది. "భయపడిపోకమ్మా, అడగాల కాబట్టి అడిగినాను," అని కండక్టరు నవ్వుతూ ముందుకి వెళ్లాడు. ఆమె నవ్వలేదు.

మా ముందు సీట్లో ఒకాయన పసుపు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాతవలసలో దిగి భోగాపురం వెళ్తాడట, కొత్త విమానాశ్రయం పనుల్లో ఉన్నాడట. వెనక్కి తిరిగి హనాన్‌ని తేరిపార చూశాడు.

"ఏ దేశమమ్మా మీది? ఆఫ్రికావా? తల మీద గుడ్డ సూస్తే అరబ్బులాగుంది మరి."

"రెండూ," అంది హనాన్ తెలుగులో.

"రెండెలగవుతాదేటి?" అని ఆయన హాయిగా నవ్వి, తను దుబాయిలో ఎన్నేళ్లున్నాడో, ఇప్పుడు మన దగ్గరే విమానాలు ఎలా దిగబోతున్నాయో చెప్పుకుంటూ పోయాడు. దిగేముందు నీళ్ల సీసా ఇచ్చి, తాగమని బలవంతం కూడా చేశాడు. మంచి మనిషే.

బస్సు కదిలాక హనాన్ కిటికీలోంచి చూస్తూనే మాట్లాడింది. "యుద్ధం మొదలైన ఉదయం మా ఊళ్లో మొదట కాలినవాటిలో విమానాశ్రయం ఒకటి. మా మేడ మీంచి పొగ కనిపించిందని ముస్తఫా చెప్పాడు." ముస్తఫా ఆమె తమ్ముడు, పద్దెనిమిదేళ్లవాడు. ఆ పెద్దమనిషి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెబుతున్నట్టుగా అంది. "ఇంట్లో మేం మాట్లాడేది అరబ్బీ. మా అమ్మమ్మ పడమటి ప్రాంతం మనిషి, ఆమె భాష వేరు, రంగు నాకంటే నలుపు. గల్ఫ్ వెళ్తే మమ్మల్ని నల్లవాళ్లంటారు. ఇక్కడ ఆఫ్రికన్ అంటారు. కాలేజీలో మిగతా అరబ్బు దేశాల అమ్మాయిలు నా అరబ్బీ విని నవ్వుతారు. ఇంతకుముందు దీనికి కోపం వచ్చేది. ఇప్పుడు భయమేస్తుంది. మా వీధుల్లో తుపాకీ పట్టుకున్నవాడు అడిగే మొదటి ప్రశ్న అదే అక్కా. నువ్వు ఏ జాతి? ఏ జవాబు చెబితే బతుకుతామో, అది ఆ పూట ఎదురుగా నిలబడ్డవాణ్ణి బట్టి ఉంటుంది."

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో తొమ్మిదింబావుకి దిగాం. కళింగపట్నం పల్లెవెలుగు తొమ్మిది నలభైకి. ఈలోగా బయట బండి దగ్గర ఇడ్లీ తీసుకున్నాం. హనాన్ ప్లేటు పట్టుకుని నిలబడింది గానీ తినలేదు.

"అక్కా, సిగ్నల్ లేదని నువ్వు చెప్పింది నేను నమ్మలేదు," అంది. "మా దగ్గర కూడా మనిషి పోతే ఫోన్లో చెప్పరు. రమ్మంటారు."

క్షమించమన్నాను. ముందే చెబితే రాత్రంతా ఏమైపోతావోనని అలా అన్నానన్నాను. "రాత్రంతా మేలుకునే ఉన్నాను," అంది. బండావిడ మా ఇద్దరి మొహాలూ చూసి, "సల్లారిపోతన్నాది, తినండమ్మా. ఏటైనా తిన్నాక సూసుకోవచ్చు," అంది. హనాన్ ఒక ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది, మందు మింగినట్టు.

కళింగపట్నం బస్సు గార మీదుగా గంట. సాలిహుండం వెళ్లేవాళ్లు ముందే కండక్టరుని అడిగి దారి మళ్లే చోట దిగి ఆటో తీసుకోవాలి. ఎప్పుడో రెండు వేల ఏళ్ల కిందట ఆ కొండ కింద ఓడలు ఆగేవని, దూరదేశాల వాళ్లు దిగేవారని పిల్లలకి చెప్పే పాఠం ఒకటుంది. ఈ దారిలో ఎప్పుడు వచ్చినా ఆ పాఠం గుర్తొచ్చి సంబరపడేదాన్ని. ఆ రోజు కిటికీ అవతల కొబ్బరితోటలు వెనక్కి పోతుంటే, ఇంకా ఎంత దూరముందో, ఇంకా కొంచెం దూరముంటే బాగుండునేమో అని మాత్రమే అనిపించింది. హనాన్ నా చెయ్యి పట్టుకుంది.

కళింగపట్నానికి ఈవల దిగి ఆటో మాట్లాడుకున్నాం. నాలుగు కిలోమీటర్లకి వంద అడిగాడు, అక్కడ అది మామూలే. సింహాచలం ఇల్లన్నాను. డ్రైవరు ఎవరో తెలియనట్టు చూసి, అంతలోనే, "ఓ, సూడానోడి ఇంటికా?" అన్నాడు. "ఊరంతా ఆడ్ని అలగే పిలుస్తారండి. వచ్చిన కాడ్నుంచి మనిషి మారిపోనాడు. దీపావళికి తలుపులేసుకుని మంచం కింద దూరిపోనాడు. మొదట్లో అందరం నవ్వినాం. తర్వాత నవ్వడం మానీసినాం." రెండు పక్కలా సరుగుడు తోటలు. గాలికి అవి అదే పనిగా ఈలవేస్తున్నాయి. ఆ శబ్దంలోంచే సముద్రం హోరు వస్తోంది.

రేకుల ఇంటి ముందు ఆటో ఆగేసరికి నలభై అయిదేళ్ల మనిషి ఒకడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సన్నగా, నల్లగా, వెల్డింగు మచ్చలున్న చేతులు. నన్ను పలకరించలేదు. నేరుగా హనాన్ దగ్గరికొచ్చి, "యా బిత్తీ," అన్నాడు. నా బిడ్డా అని అర్థమట, వాళ్ల అరబ్బీలో. అతను అరబ్బీలో గబగబా ఇంకేదో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"ఆలమ్మ బతికే ఉన్నాదండి. ముందు ఆ మాట ఇనీండి. మిగతాది లోపల కూకుని ఇందురు గాని."

ఆటో వెళ్లిపోయాక నాకు కోపం వచ్చింది. "ఆ ఒక్క మాట ఫోన్లో చెప్పలేకపోయారా? రెండు రోజులు చచ్చి బతికాం."

"భయమండి," అన్నాడు సింహాచలం తల దించుకుని. "నాను సెప్తాను, మీరు ఈ అమ్మాయికి సెప్తారు, ఈ అమ్మాయి సంతోషంలో ఎవలికో మెసేజ్ పెట్టీస్తాది. అది ఎవల సేతిలో పడతాదో మనకేటి తెలుసు? అక్కడ మనుసుల్ని ఫోన్లే పట్టిచ్చీసినాయండి. సొంత కళ్లతో సూసినాను."

అతని భార్య ఈశ్వరమ్మ మా ఇద్దరి ఫోన్లూ అడిగి తీసుకుని వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. "నవ్వుకోకండమ్మా," అంది. "ఈయనకి అలగైతే గానీ నోరు పెగల్దు." మాకు నవ్వు రాలేదు. మిగతాది అన్న మాట గదిలో ఒక మనిషిలా కూర్చుని ఉంది.

తల్లి మాటలు రికార్డై వచ్చాయని అతను అనగానే హనాన్ వినిపించమని అడిగింది. సింహాచలం వెంటనే తీయలేదు. ఎలా చెప్పాలో తెలియక, దారి వెతుక్కుంటూ, ముందు తన సంగతి ఎత్తుకున్నాడు.

"మా వర్క్‌షాపు కింద గదిలో పదకొండు దినాలు దాక్కున్నాం. రొట్టెల కొట్టు ముసలాయన రోజూ సీకటుండగానే వచ్చి రొట్టెలు కిటికీలోంచి పడీసీవోడు. ఆయనే లేపోతే నాను లేను. బయటపడిన దినం రోడ్డు మీద ఆపినారండి. నా రంగు సూసి, నువ్వు పడమటోడివి, అబద్ధమాడతన్నావు అన్నారు. ఇండియా అన్నాను. అయితే హిందీ పాట పాడు అన్నాడొకడు, గుండెల మీద తుపాకీ పెట్టి. నాకు హిందీ పాట ఒక్కటీ రాదు. నాట్లేసినప్పుడు మా అమ్మ పాడీ పాట పాడినాను. ఇది హిందీ కాదన్నాడు. మరోడొచ్చి, పోనీ ఒగ్గీ, ఇలాంటి పాట మనోళ్లెవలూ పాడరు అన్నాడు. అలగ బతికినాను." చేతుల మీది మచ్చలు రుద్దుకున్నాడు. "ఆల్ల బళ్లలోంచి తుపాకుల పెట్టెలు దిగీవి. పెట్టెల మీద రాత ఆ దేశపుది కాదు. ఈ జనరల్ ఎనకాల ఒక దేశం, ఆ జనరల్ ఎనకాల ఇంకో దేశం. సచ్చీవోలు మాత్రం ఆ ఈది జనాలే."

తెలియనివాళ్ల కోసం నాకు అర్థమైనంత చెబుతాను. ఆ దేశాన్ని ముప్పై ఏళ్లు ఒకే మనిషి పాలించాడు. జనం వారాల తరబడి రోడ్ల మీద కూర్చుని అతన్ని దింపారు. పంతొమ్మిదేళ్ల హనాన్ ఆ జనంలో ఉంది. తర్వాత అధికారం జనానికి రాకుండా సైన్యం పట్టుకుంది, దాన్ని పంచుకున్న ఇద్దరు సేనానులు కొన్నాళ్లకి ఒకరి మీద ఒకరు తుపాకులెత్తారు. ఆ నేల కింద బంగారం ఉంది. అది బయటికి పోతుంది, బదులుగా ఆయుధాలు లోపలికి వస్తాయి. ఇదంతా నేను పత్రికల్లో చదివాను. ఆ గదిలో కూర్చున్నప్పుడు చదివినట్టు లేదు.

సింహాచలం గూట్లోంచి పాత ఫోన్ ఒకటి తీశాడు. రొట్టెల కొట్టు ముసలాయన కొడుకు ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నాడట. ఆ ఊరికే చేరిన హనాన్ తల్లి మాటల్ని అతనే రికార్డు చేసి పంపాడు. మీట నొక్కగానే ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. అలసిపోయిన గొంతు, తొందరపడుతున్న గొంతు. హనాన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు, ఆమె మొహం తప్ప. అది నవ్వుకి దగ్గరగా వెళ్లి, అక్కడే ఆగిపోయి, తర్వాత రంగు పోవడం మొదలైంది. సింహాచలం నా వైపు వంగి గుసగుసగా తెలుగు చేశాడు.

"ఊరొగ్గీసి వచ్చీసినామంతంది. ఈవిడా, ఈవిడ సెల్లెలూ నాలుగు దినాలు నడిసినారట. ఇప్పుడున్న కాడ పర్లేదంట... ఫోను ఈవిడే రాయితో కొట్టి పగలగొట్టీసిందట. దాన్నిండా కూతురి ఫోటోలేనంట, అందుకే... ఇంట్లోకి మనుసులొచ్చినారట. గోడ మీద కూతురి పటమున్నాదట, బుగ్గ మీద జెండా రంగులేసుకుని జనంలో నిలబడ్డది. ఇదెవులు, ఎక్కడున్నాది అని అడిగినారట. తమ్ముడు సెప్పనన్నాడట."

అక్కడ ఆగాడు. రికార్డు నడుస్తూనే ఉంది.

"ఆడ్ని తీసికెల్లిపోనారండి. ఆడి ఫోను కూడాను. ఏ కాడున్నాడో తెల్దు."

గొంతు ఇంకొంచెం సేపు వినిపించి ఆగిపోయింది. చివర్లో తల్లి అడిగింది ఇదట: నీ ఫోటోలన్నీ తీసెయ్యి, పేరు మార్చు, ఎక్కడున్నావో ఎక్కడా రాయకు. నా పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా నమ్మకు. ఇది నీ ఫోన్‌కి పంపొద్దన్నాను, చెవితో మాత్రం విను.

హనాన్ ఏడవలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, "నా పటం వల్ల," అంది ఇంగ్లీషులో. మళ్లీ అదే మాట. ఈశ్వరమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా అర్థమైంది. వచ్చి పక్కన చతికిలబడి ఆ అమ్మాయి తలని భుజం మీదికి లాక్కుని, "నీ వల్ల కాదే గుంటా, నీ వల్ల కాదు," అంటూ వీపు నిమురుతూ కూర్చుంది. వాళ్లది బాప్టిస్టు కుటుంబం. కళ్లు మూసుకుని తల్లి పేరు, తమ్ముడి పేరు చెప్పి ప్రార్థన చేసింది. ముస్తఫా పేరు ఆమె నోట ముత్తఫా అయింది. హనాన్ కూడా తన అరబ్బీలో ఏదో పెదవుల్తో అంటోంది.

తర్వాత పని మొదలైంది. బియ్యం డబ్బాలోంచి హనాన్ ఫోన్ తీశారు. ఇంట్లో సిగ్నల్ నిజంగానే లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు కింద ఒక్క గీత వస్తుంది. అక్కడ నులకమంచం వేసుకుని, ఫేస్‌బుక్ తెరిచి ఏళ్లనాటి ఫోటోలు ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కోదానికీ తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. గుండ్రం ఆగేదాకా నలుగురం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం, ఆ కాస్త ఆలస్యంలోనే ఎవరో ఎక్కడో చూసేస్తారన్నట్టు. ఈ పాటికి చూసేసి ఉంటారని, దాచుకుని ఉంటారని మా నలుగురికీ తెలుసు. ఎవరం అనలేదు. జెండాలు, పాటలు పాడుతున్న ఆడపిల్లలు, రాత్రుళ్లు రోడ్డు మీద వంటలు. ఒక దేశం మారిపోతుందని నమ్మిన మొహాలు. ఒక్కటొక్కటే పోయాయి.

చివరికి ఒకటి మిగిలింది. జనం మధ్య ఆమె, ఆమె భుజాల మీద పదకొండేళ్ల కుర్రాడు. పై కోరపన్ను ఒకటి లేదు, చొక్కా గుండీలు ఒక రంధ్రం తప్పించి పెట్టుకున్నాడు. నోరంతా తెరిచి ఏదో అరుస్తున్నాడు. ముస్తఫా. అప్పటి ఫోన్ పోయిందట, ఆ రోజుది ఇదొక్కటేనట.

"ఇది కూడానా?" అని అడిగింది.

"అదే ముందు తియ్యాలమ్మా," అన్నాడు సింహాచలం. "ఇద్దరి మొగాలూ ఒక్క కాడే ఉన్నాయి."

ఆమె ఫోన్ నా వైపు తిప్పింది. "బాగా చూడు అక్కా," అంది. చూశాను. ఆమె చాలనేదాకా చూశాను. తర్వాత తీసేసింది.

తల్లికి జవాబు పంపవచ్చన్నాడు సింహాచలం. "నిమిషం దాటకూడదు. ఊరు పేరొద్దు, కాలేజీ పేరొద్దు, తమ్ముడి పేరొద్దు." హనాన్ పాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మామూలు గొంతుతో, ఆశ్చర్యపోయేంత మామూలు గొంతుతో మాట్లాడింది. ఏం చెప్పావని అడిగితే తెలుగులోనే అంది. "అన్నీ తీసేశానని చెప్పాను. భోంచేశానని చెప్పాను. చేపల పులుసన్నాను." అప్పటికింకా తినలేదు. ఆ మాట విన్న ఈశ్వరమ్మ లేచి వెళ్లి అన్నం వడ్డించింది. నిజంగానే చేపల పులుసు. అబద్ధం కాకూడదని హనాన్ కంచం ఖాళీ చేసింది.

మూడున్నరకి అదే ఆటోని పిలిపించారు. సింహాచలం గుమ్మం దాటలేదు. కళింగపట్నం నుంచి శ్రీకాకుళం బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి, మాకు నాలుగింబావుది దొరికింది. అయిదున్నరకి కాంప్లెక్స్‌లో విజయనగరం బస్సు కోసం నిలబడి ఉండగా ముప్పై ఏళ్ల మనిషి ఒకడు, పక్కన భార్య, ఫోన్ ఎత్తి మా వైపు పట్టుకున్నాడు. మామూలు రోజైతే నేను పట్టించుకోను. విదేశీయులు కనిపిస్తే మన ఊళ్లలో అలా తీసుకోవడం ఉన్నదే. కానీ హనాన్ నా వెనక్కి దూరి, నా చీర కొంగుతో మొహం కప్పేసుకుంది. వీపు మీద ఆమె ఊపిరి తగులుతోంది.

వెళ్లి అతని ముందు నిలబడ్డాను. "బాబూ, ఆ ఫోటో తీసెయ్యి."

"సరదాకి తీసినానండి. ఏటయిందిప్పుడు?"

"తీసెయ్యి. నా కళ్ల ముందు తీసెయ్యి." క్లాసులో కూడా అంత గట్టిగా అరిచి ఎరగను. నలుగురూ చూశారు. ఇతను అప్పుడే ఎక్కడో పెట్టేసి ఉంటే ఏం చెయ్యాలో తెలియడం లేదు. భార్య అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఆ అమ్మాయి వణికిపోతన్నాది, సూడవేటి," అని తనే తీసేసి, తీసేసినవి దాచే చోటు కూడా తెరిచి చూపించింది. "ఇంకెక్కడా పెట్టలేదమ్మా, ఒట్టు," అంది. అతను సిగ్గుపడి, సీటు పట్టి పెడతానని అప్పుడే వచ్చిన మా బస్సు వైపు పరిగెత్తాడు.

ఎనిమిది కావస్తుండగా ఇల్లు చేరాం. ఆ రాత్రి హనాన్ మేడ మీదికి వెళ్లనంది, నా గదిలోనే పడుకుంది. ఆ తర్వాత సింహాచలం నుంచి రెండుసార్లు పిలుపు వచ్చింది. రెండుసార్లూ వెళ్లాం. తల్లి క్షేమం. ముస్తఫా గురించి ఇది రాస్తున్న రోజుకి ఏమీ తెలియదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, హనాన్ చదువుతోంది, రోజూ కాకపోయినా. ఈ పోస్టులో ఫోటోలు ఎందుకు లేవో ఇక చెప్పనక్కరలేదు.

ఇన్నేళ్లు పిల్లలకి విప్లవాలు, విదేశీ జోక్యం, జాతి అనే మాటలు బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షలో వస్తాయి గుర్తుపెట్టుకోండి అన్నాను. మొన్న ఆ పాఠం చెబుతూ సగంలో ఆగిపోయాను. పన్ను లేని ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. హనాన్ కాక, అతన్ని ఆ ఫోటోలోనైనా చూసినవాళ్లం ఇక్కడ ముగ్గురమే, నేనూ, సింహాచలం, ఈశ్వరమ్మ. ఇప్పుడు పద్దెనిమిదేళ్లవాడై ఎలా ఉంటాడో తెలియదు. అయినా ఎప్పుడైనా రోడ్డు మీద ఎదురైతే పోల్చుకుంటాననే అనిపిస్తుంది. భయం తగ్గలేదు. బస్సులో కండక్టరు కార్డు అడిగినప్పుడల్లా ఇప్పుడు నా చెయ్యి కూడా ఒక క్షణం సంచి మీద బిగుసుకుంటోంది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. గార దాటాక తీరం వైపు పల్లెల్లో సిగ్నల్ సరిగా ఉండదు. బయల్దేరే ముందే ఇంట్లో వాళ్లకి మళ్లీ ఏ గంటకి ఫోన్ చేస్తారో చెప్పి వెళ్లండి, ఆ గంటకి తప్పకుండా చెయ్యండి.